పసిబిడ్డకి కాట్ కొంటున్నారా? టేపు జేబులో పెట్టుకుని షాపుకి వెళ్ళండి

తొమ్మిదో నెల వచ్చేసరికి ఇంట్లో ఈ చర్చ మొదలవుతుంది. అమ్మమ్మ వాళ్ళు ఉయ్యాల మేమే తెస్తాం అంటారు, ఆడపడుచు ఆన్‌లైన్ లింకులు పంపుతూ ఉంటుంది, పక్క ఫ్లాట్ ఆంటీ మా మనవడిది అటక మీద ఊరికే పడుంది తీసుకెళ్ళమ్మా అంటారు. షాపుకెళ్తే తెల్ల లేసు, మెత్తని దిళ్ళు, వేలాడే బొమ్మలు, అన్నీ ముద్దొచ్చేలా పెట్టి ఉంటాయి. అక్కడే చాలామంది పడిపోతారు. నా మాట ఏంటంటే మంచి కాట్ చూడ్డానికి బోసిగానే ఉంటుంది. గట్టి పరుపు, దాని మీద బిగుతుగా ఒక షీటు, చుట్టూ దగ్గరదగ్గరగా ఊచలు, లోపల బిడ్డ, అంతే. మనం ముద్దుగా ఉందని చేర్చే ప్రతి వస్తువూ బిడ్డ ఊపిరికి అడ్డం పడే అవకాశం ఉన్నదే, అందుకే కింద చెప్పేదాంట్లో సగం ఏం కొనాలో, సగం ఏం కొనకూడదో ఉంటుంది.

స్టెప్ 1: బిడ్డ ఏ ఇంట్లో, ఎన్నాళ్ళు పడుకుంటుందో ముందు తేల్చుకోండి

ఇది ఎవరూ చెప్పరు గానీ మన దగ్గర అన్నిటికంటే ముఖ్యం ఇదే. పురుడు పుట్టింట్లో, మూడో నెల్లోనో ఐదో నెల్లోనో బిడ్డని తీసుకుని అత్తారింటికో సొంత ఇంటికో వస్తారు. అంటే మొదటి కొన్ని నెలలు ఒక ఇల్లు, తర్వాత ఇంకో ఇల్లు. చిన్న ఉయ్యాలలు, బాసినెట్‌లు (పసిగుడ్డుకి సరిపోయే బుట్టలాంటి చిన్న పడకలు) పనికొచ్చేది కూడా సరిగ్గా ఆ మొదటి నెలలే, బిడ్డ బోర్లా పడటం మొదలెట్టాక అవి ఇక వాడకూడదు. కాబట్టి పెద్ద కాట్ కొని పుట్టింట్లో బిగించి, మళ్ళీ విప్పి, లారీలో వేసి, ఇక్కడ బిగించే బదులు పుట్టింట్లో చదునుగా ఉండే చిన్న బాసినెట్‌తోనో, మడిచి పెట్టుకునే, చుట్టూ వల పక్కలుండే మెష్ ప్లేయార్డ్‌తోనో సరిపెట్టుకుని, పెద్ద కాట్ సొంత ఇంట్లో పెట్టుకోవడం నయం. విప్పి బిగించిన ప్రతిసారీ స్క్రూ పట్టు కొంచెం పోతుంది, ఒకటో రెండో బోల్టులు ఎలాగూ మాయమవుతాయి.

గది కొలవండి. సాధారణంగా దొరికే కాట్ పరుపు 120 × 60 సెంటీమీటర్లు, కాట్ బెడ్ అంటే తర్వాత పక్క తీసేసి చిన్న మంచంలా వాడుకునేది 140 × 70. దీనికి ఫ్రేము కలిపితే నాలుగు వైపులా ఇంకొన్ని సెంటీమీటర్లు పెరుగుతుంది. కింగ్ సైజు మంచం, బీరువా ఉన్న గదిలో ఇది పెట్టాక బీరువా తలుపు తెరుచుకుంటుందా, రాత్రి రెండింటికి నిద్రకళ్ళతో బాత్రూంకి వెళ్ళే దారి ఉంటుందా అనేది నేల మీద చాక్‌పీస్‌తో గీసి చూసుకోండి. పిల్లకి వేరే గది రెడీ చేశాం, గోడకి స్టిక్కర్లు కూడా అంటించాం అంటారు కొందరు, మంచిదే, కానీ కనీసం మొదటి ఆరు నెలలు బిడ్డ అమ్మానాన్నలు పడుకునే గదిలోనే, వేరే పడకలో పడుకోవాలని అమెరికా పిల్లల డాక్టర్ల అకాడమీ చెప్తుంది. కాబట్టి కొలవాల్సింది మీ గదినే.

స్టెప్ 2: ఏ రకం?

చీర ఉయ్యాల. దూలానికో ఫ్యాను కొక్కేనికో కట్టి ఊపితే రెండు నిమిషాల్లో నిద్రపోతారు, నిజమే. అందులో బిడ్డ వీపు విల్లులా వంగుతుంది, గడ్డం ఛాతీకి ఆనుతుంది. పసిబిడ్డ గాలిగొట్టం సన్నగా, మెత్తగా ఉంటుంది, మెడ ఎత్తి సర్దుకునే బలం ఉండదు, అలా వంగితే గాలి ఆడటం తగ్గిపోతుంది, అదీ చప్పుడు లేకుండా. బారసాల రోజు వెయ్యండి, ఎదురుగా కూర్చుని జోల పాడుతూ ఊపండి, నిద్రపోయాక మాత్రం తీసి చదునైన చోట పడుకోబెట్టండి. ఇంకో సంగతి, ఇంట్లో ఏడెనిమిదేళ్ళ అన్నలో అక్కలో ఉంటే ఖాళీగా వేలాడే చీరలో గిరగిరా తిరుగుతారు, అది మెడకి చుట్టుకుని ప్రాణాలు పోయిన వార్తలు మన పేపర్లలో చాలాసార్లు వచ్చాయి. పని అయిపోగానే విప్పేయండి.

స్ప్రింగ్ ఉయ్యాల, అంటే ఇనుప స్టాండుకి స్ప్రింగు తగిలించి గుడ్డ వేలాడేది. దీనికీ అదే మాట, గుడ్డ గుంటపడుతుంది. కరెంటుతో దానంతటదే ఊగేవి కూడా వచ్చాయి, వాటిని పెట్టేసి వంటింట్లోకి వెళ్ళిపోవచ్చు అన్నట్టు అమ్ముతారు, అలా వెళ్ళకూడదు.

ఊగే చెక్క ఉయ్యాల చదునైన అడుగు ఉంటే పర్లేదు. ఊపడం ఆపాక కదలకుండా లాక్ ఉండాలి, లేకపోతే బిడ్డ బరువుకి ఒక పక్కకి వాలి, మొహం గోడకి ఆనుకుపోతుంది. లాక్ లేనిది కొనకండి.

బెడ్‌సైడ్ కాట్, అంటే మీ మంచానికి ఆనించి ఒక పక్క తెరిచి పెట్టుకునేది. సిజేరియన్ అయినవాళ్ళకి హాయిగా ఉంటుంది, పాలకి లేచినప్పుడు కుట్ల మీద వంగక్కర్లేదు. కానీ మన మంచాల ఎత్తులు ఒకటిగా ఉండవు, స్టోరేజ్ ఉన్న బాక్స్ మంచం ఒక ఎత్తు, దాని మీద వేసుకున్న పరుపు ఇంకో ఎత్తు. రెండు పరుపులూ ఒకే లెవెల్లో ఉండాలి, మధ్యలో సందు అస్సలు ఉండకూడదు, పట్టీలతో మంచానికి గట్టిగా బిగించే ఏర్పాటు ఉండాలి. సందులో దుప్పటి కుక్కి సరిచేద్దాం అనుకుంటే ఆ రకం వదిలేయండి.

మెష్ ప్లేయార్డ్ తేలిక, మడుస్తారు, కార్లో పెట్టుకుని ఊరెళ్తారు. దాని వల కన్నాలు 6 మిల్లీమీటర్ల కంటే చిన్నవిగా ఉండాలి, వేళ్ళు, గుండీలు ఇరుక్కోకుండా. దాంతో వచ్చిన పలుచని మ్యాట్ చూసి అయ్యో ఇంత గట్టిగా ఉందేంటి అని పైన ఇంకో పరుపు వేస్తారు చూడండి, అది మాత్రం చెయ్యొద్దు, ఆ పక్కలు గుడ్డవి కాబట్టి బయటికి సాగి, రెండో పరుపుకీ పక్కకీ మధ్య బిడ్డ జారిపోయే జేబు తయారవుతుంది.

ఇక నిలకడగా ఉండే చెక్క కాట్. రెండు రెండున్నరేళ్ళు వాడేది ఇదే కాబట్టి మిగతా గైడ్ అంతా ఎక్కువగా దీని గురించే.

స్టెప్ 3: షాపులో టేపు తియ్యండి

సేల్స్‌మేన్ నవ్వుతాడు, నవ్వనీండి. అతను చెక్క పాలిష్ గురించి చెప్తుంటే మీరు ఇవి కొలవండి.

ఊచల మధ్య సందు: యూరప్ స్టాండర్డ్ ఈఎన్ 716 ప్రకారం 4.5 నుంచి 6.5 సెంటీమీటర్ల మధ్య, అమెరికాలో 6 సెంటీమీటర్లకి మించకూడదు. మీరు 6 పెట్టుకోండి, గొడవ ఉండదు. ఎందుకంటే బిడ్డ కాళ్ళు ముందు వెళ్తాయి, తర్వాత నడుము కూడా సన్నగా ఉంటుంది కాబట్టి జారిపోతుంది, తల దగ్గరకొచ్చేసరికి ఆగిపోతుంది, అక్కడ మెడ పడుతుంది. అమెరికా వీడియోల్లో కూల్‌డ్రింక్ క్యాన్ దూరితే సందు ఎక్కువ అని చూపిస్తారు, మన దగ్గర అది నమ్మొద్దు, ఇక్కడ ఎక్కువగా దొరికేవి సన్న క్యాన్లు, అవి సరైన సందులోంచి కూడా దూరిపోతాయి. టేపే వాడండి. ఒక చోట కాదు, నాలుగైదు చోట్ల, మధ్యలో ఊచని చేత్తో పక్కకి వంచి కూడా కొలవండి, సన్న ఊచలు వంగితే సందు పెరుగుతుంది.

లోతు: పరుపు పెట్టే అడుగు పలక పై లెవెల్లో ఉన్నప్పుడు పరుపు పై నుంచి పక్క అంచు దాకా కనీసం 20 సెంటీమీటర్లు, బాగా కిందకి దించినప్పుడు కనీసం 50. మీరు మందపాటి పరుపు వేస్తే ఈ లెక్క తప్పుతుంది, కాబట్టి పరుపు వేసి కొలవాలి. అడుగు ఎత్తు మార్చుకునే కాట్ కొనండి, కనీసం రెండు లెవెల్స్, మూడుంటే ఇంకా మంచిది.

మూలల గుంజలు: పక్క అంచుకి సమానంగా ఉండాలి, పైకి పొడుచుకు వచ్చిన గుబ్బలు, పువ్వులు వద్దు. మన పిల్లల మెడలో ఏదో ఒక దారం, తాయెత్తు ఉంటుంది, నిలబడ్డ పిల్ల ఆ గుబ్బకి దారం తగిలి జారిపడితే ఏమవుతుందో ఆలోచించండి. అందుకే అమెరికా రూల్‌లో ఒకటిన్నర మిల్లీమీటరు కంటే ఎక్కువ పొడుచుకు రాకూడదు అని ఉంటుంది.

తలవైపు కాళ్ళవైపు చెక్కలో హృదయం, నక్షత్రం ఆకారంలో కోసిన డిజైన్లు ఉంటే తీసుకోవద్దు, చెయ్యి తల ఇరుక్కుంటాయి. అడ్డంగా వేసిన బద్దెలు వద్దు, పది నెలల పిల్లకి అవి నిచ్చెన.

ఒక పక్క కిందకి జారే కాట్‌లు, అంటే డ్రాప్ సైడ్‌వి, మన షాపుల్లో ఇప్పటికీ కనిపిస్తాయి. వంగక్కర్లేదు అని అమ్ముతారు. అమెరికాలో 2011 జూన్ 28 నుంచి వీటి అమ్మకమే ఆపేశారు. లోపలుండే ప్లాస్టిక్ క్లిప్పులు అరిగి, ఒక మూల ఊడి, పక్క వేలాడి, ఆ సందులో పిల్లలు ఇరుక్కునేవాళ్ళు. 2000 నుంచి పదేళ్ళలో కనీసం 32 మంది పిల్లలు ఇలా పోయారని అక్కడి వినియోగదారుల భద్రతా కమిషన్ 2010లో లెక్క చెప్పింది. నాలుగు పక్కలూ కదలకుండా ఉన్నదే కొనండి, పొట్టిగా ఉన్న అమ్మలు కాలి కింద చిన్న పీట వేసుకోవచ్చు.

చక్రాలు: మన ఇళ్ళల్లో టైల్స్, గ్రానైట్, కాట్ ఐస్ మీద జారినట్టు జారుతుంది. కనీసం రెండు చక్రాలకి లాక్ ఉండాలి, నాలుక్కీ ఉంటే హాయి. లాక్ వేసి గట్టిగా తోసి చూడండి, షాపులోనే.

ఆ తర్వాత రెండు చేతులతో పట్టుకుని ఊపండి. కిర్రుమనకూడదు, మూలలు కదలకూడదు. ఆన్‌లైన్లో కొనేవాళ్ళకి ఇవన్నీ చేసే వీలుండదు కాబట్టి లిస్టింగులో ఈఎన్ 716 అనో, అమెరికా కాట్ స్టాండర్డ్ ఏఎస్‌టీఎం ఎఫ్1169 అనో రాసి ఉందా చూడండి, మొత్తం కొలతలు కాదు, ఊచల మధ్య దూరం ఎంతో అమ్మేవాళ్ళని అడగండి, చెప్పకపోతే వదిలేయండి, బోలెడు కాట్‌లున్నాయి. స్టార్ రేటింగులో రాసేవి ఎక్కువగా డెలివరీ ఎప్పుడొచ్చింది, కలర్ ఎలా ఉంది అనేవే.

స్టెప్ 4: పరుపు. ఇక్కడ ఆగి చదవండి

కాట్ ఎంత మంచిదైనా పరుపు తప్పు వేస్తే లాభం లేదు. మనకి మెత్తగా ఉంటే బిడ్డకీ హాయి అనుకుంటాం కదా, ఏడాది లోపు పిల్లలకి అది తిరగబడుతుంది. మెత్తని పరుపులో మొహం కూరుకుపోతే వదిలిన గాలినే మళ్ళీ పీలుస్తారు, తల తిప్పుకునే శక్తి ఉండదు. అరచేత్తో నొక్కి తీయండి, చెయ్యి తీసిన వెంటనే పరుపు సమంగా లేచిపోవాలి, అచ్చు మిగలకూడదు. మెమరీ ఫోమ్ అసలు వద్దు, అది అచ్చు ఉంచడానికే పుట్టింది.

బూరుగు దూది పరుపు కుట్టిస్తాం అంటారు పెద్దవాళ్ళు, చల్లగా ఉంటుంది నిజమే, కానీ మధ్యలో గుంటపడుతుంది, ఉండలు కడుతుంది. గట్టిగా ఒత్తిన కొబ్బరి పీచు మీద పలుచని ఫోమ్ ఉన్నది, లేదా గట్టి ఫోమ్ స్లాబు, రెండూ పనికొస్తాయి. కొబ్బరి పీచుది తడిస్తే ఎండ పట్టించాలి, వానాకాలంలో అది ఆరక వాసనేస్తే బిడ్డని దాని మీద వెయ్యకండి. మందం 15 సెంటీమీటర్లు మించొద్దు, 10 దగ్గర ఉంటే చాలు.

సైజులో ఒక తిరకాసు ఉంది. అమెరికా కాట్ పరుపు 28 × 52 అంగుళాలు, అంటే సుమారు 71 × 132 సెంటీమీటర్లు. ఇక్కడ దొరికేవి 60 × 120, 70 × 140. కొన్ని కంపెనీలు తమదే ఏదో సైజు పెడతాయి. కాట్ లోపలి కొలత తీసి దానికి సరిపడా పరుపు తీసుకోండి, పక్కకీ పరుపుకీ మధ్య రెండు వేళ్ళు దూరితే పరుపు చిన్నదైనట్టే. అన్ని వైపులా చూడండి, పరుపుని ఒక మూలకి తోసి ఎదురు మూలలో. సరిగ్గా దొరక్కపోతే మీ ఊళ్ళో పరుపుల షాపుకి కొలత ఇచ్చి కోయించుకోండి, గంటలో ఇస్తారు. సందులో తువ్వాలు మడిచి పెట్టడం పరిష్కారం కాదు.

షీటు నాలుగు మూలలా ఎలాస్టిక్ ఉన్నది, నూలుది, మూడు నాలుగు ఉంటే రోజు గడుస్తుంది. మూల లాగితే ఊడిపోతే అది వద్దు. తడి ఆపే డ్రై షీట్ వేసుకోవచ్చు, దాన్ని షీటు కిందకి వేసి బిగించండి, పైన వదులుగా పరిస్తే ముడతలు పడి మొహం మీదకి వస్తుంది.

అమ్మమ్మ పాత చీరలతో కుట్టిన బొంత ఉంటుంది కదా, దాన్ని పారేయమని నేననను. నేల మీద చాప పరిచి దాని మీద వేసి, బిడ్డ మెలకువగా ఉన్నప్పుడు మీరు పక్కనే కూర్చుని కాసేపు బోర్లా ఆడించడానికి అంతకంటే మంచి వస్తువు లేదు. కాట్ లోకి మాత్రం వద్దు.

స్టెప్ 5: చెక్క, రంగు, వడ్రంగి చేత చేయించుకోవడం

టేకు, మామిడి, రబ్బర్ వుడ్, ఏదైనా పర్లేదు, ఘనమైన చెక్కైతే. ఎండీఎఫ్, పార్టికల్ బోర్డు, అంటే చెక్కపొట్టుని జిగురుతో ఒత్తి చేసిన పలకలు, వాటిల్లో జిగురులోంచి ఫార్మాల్డిహైడ్ అనే రసాయనం వాసన చాలా రోజులు వస్తుంది, కొత్తగా తెరిచినప్పుడు కళ్ళు మండితే అదే. పళ్ళు వస్తూ, పట్టుకుని నిలబడటం వచ్చాక పిల్లలు పక్క అంచుని కొరుకుతారు, ఎలకలా గీరుతారు. అందుకే రంగు గురించి ఇంత గోల. మన దేశంలో ఇంటి పెయింట్లలో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో 90 భాగాలు, మించకూడదని 2016లో రూల్ తెచ్చారు, 2017 నవంబర్ నుంచి అమల్లో ఉంది. కాబట్టి రంగు డబ్బా మీద సీసం లేదు అని రాసి ఉన్నదే కొనిపెట్టండి, వడ్రంగి దగ్గర మిగిలిపోయిన పాత డబ్బా వద్దు.

ఊళ్ళో మంచి వడ్రంగి ఉంటే చేయించుకోవడం చవక, గట్టిదనం కూడా. కానీ అతనికి బొమ్మ చూపించి ఇలా చెయ్యి బాబాయ్ అంటే సరిపోదు, అతను మెట్ల రెయిలింగు చేసినట్టు చేతికొచ్చిన దూరంలో ఊచలు వేసేస్తాడు. కాగితం మీద రాసివ్వండి. ఊచల మధ్య 5.5 సెంటీమీటర్లు, అప్పుడు చెక్క ఎండి కుంచించుకుపోయినా 6 దాటదు. ఊచలు నిలువుగానే, పైనా కిందా రంధ్రంలో దిగి జిగురు పట్టాలి, మేకులతో పక్కన కొట్టకూడదు. మూలలు బోల్టులు, నట్లు. అంచులన్నీ గుండ్రంగా గీసి, ఇసుక కాగితం పట్టాలి. అడుగు ప్లైవుడ్ వేస్తే గాలాడటానికి బొక్కలు, అవి చిన్న వేలు ఇరుక్కునేంత ఉండకూడదు. ఇక పాలిష్, మెలమైన్ పాలిష్ మెరుస్తుంది గానీ ఘాటు చాలా రోజులు ఉంటుంది, నీటితో కలిపే రకం అడగండి. ఏది వేసినా డెలివరీ డేట్‌కి కనీసం నెల ముందు పని పూర్తయ్యేలా చూసుకుని, గాలి తగిలే చోట పెట్టి ఆరనివ్వండి. ఎనిమిదో నెల్లో ఆర్డరిస్తే లేటు.

స్టెప్ 6: పాతది తీసుకుంటే

అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో, ఓఎల్‌ఎక్స్‌లో మంచివి దొరుకుతాయి, తప్పేం లేదు, కొత్తది ఐదారు వేల నుంచి ముప్పై వేల దాకా ఉంటుంది మరి. పైన చెప్పిన కొలతలన్నీ తీయండి. డ్రాప్ సైడ్ అయితే ఊరికే ఇచ్చినా వద్దనండి. ఒక్క బోల్టు తక్కువున్నా, దాని బదులు తీగ కట్టి ఉన్నా, ఊచ పగిలి ఫెవికాల్ పెట్టి ఉన్నా వద్దు. రంగు పెచ్చులూడుతున్న పాతవాటిలో సీసం ఉండొచ్చు. పరుపు మాత్రం కొత్తది కొనుక్కోండి, ఎవరి పిల్లలో పడుకున్న గుంట మీ బిడ్డకి ఎందుకు.

తాతల నాటి ఉయ్యాల, పూలు చెక్కింది, ఇత్తడి గొలుసులది ఉంటే దానికో మర్యాద ఉంది, బారసాలకి, ఫొటోలకి దించండి. రాత్రి నిద్రకి ఆ సందులు, ఆ రంగులు సరిపడవు.

అమెరికాలో ఉన్న మనవాళ్ళకి ఒక ముక్క. అక్కడ ఫ్రెండ్స్ చేతులు మారుతూ వచ్చే క్రిబ్, అంటే కాట్, 2011 జూన్ కంటే ముందుదైతే తీసుకోవద్దు, దాని మీద తయారీ తేదీ స్టిక్కర్ ఉంటుంది. వినియోగదారుల భద్రతా కమిషన్ వెబ్‌సైట్లో మోడల్ నంబర్ కొడితే రీకాల్ అయిందో లేదో, అంటే ప్రమాదమని కంపెనీ వెనక్కి పిలిచిందో లేదో తెలుస్తుంది. ఒక పక్క ఏటవాలుగా ఉండే స్లీపర్లు, కాట్ చుట్టూ కట్టే మెత్తని బంపర్లు అక్కడ 2022 చట్టంతో నిషేధం. అమ్మ ఇండియా నుంచి పురుడు పొయ్యడానికి వస్తూ సూట్‌కేసులో బేబీ బెడ్ సెట్ తెస్తుంది, ఆ దిళ్ళు కాట్‌లో పెట్టమని ఆవిడ బయల్దేరక ముందే ఫోన్లో చెప్పేసుకోండి, ఎయిర్‌పోర్ట్ నుంచి వచ్చిన రోజు గొడవ ఎందుకు.

స్టెప్ 7: బిగించడం

కంపెనీ మనిషి వచ్చి బిగిస్తే దగ్గరుండి చూడండి. అన్ని స్క్రూలూ మొదట వదులుగా వేసి, కాట్ చదునైన నేల మీద పెట్టి, తర్వాత ఎదురెదురు మూలలు బిగించుకుంటూ రావాలి. చివర్లో నాలుగు బోల్టులు మిగిలాయి సార్ ఎక్స్‌ట్రా ఇచ్చినట్టున్నారు అంటే ఒప్పుకోవద్దు, కాగితం తీసి లెక్క చూడండి. ఆ కాగితం, బోల్టులు తిప్పే ఆ వంకర ఎలెన్ కీ ఒక కవర్లో పెట్టి కాట్ అడుగున టేపు వేసి అంటించండి. నెలకోసారి బోల్టులు బిగించండి, మన ఎండాకాలంలో చెక్క కుంచించుకుని, వానల్లో ఉబ్బి, మళ్ళీ వదులవుతాయి. పరుపుకి చుట్టి వచ్చిన ప్లాస్టిక్ కవరు తీసి అప్పుడే చెత్తలో వెయ్యండి, తడవదు కదా అని ఉంచితే ఊపిరాడదు.

స్టెప్ 8: ఎక్కడ పెట్టాలి, దోమలు, ఎండ

కిటికీ పక్కన వద్దు, కర్టెన్ తాళ్ళు చేతికి అందుతాయి. పైన షెల్ఫు, దేవుడి పటం, గోడ గడియారం ఉండకూడదు. ప్లగ్ పాయింట్, ఎక్స్‌టెన్షన్ బాక్స్, ఫోన్ ఛార్జర్ వైరు, బేబీ కెమెరా వైరు, ఏదైనా సరే కనీసం మీటరు దూరం. ఏసీ గాలి నేరుగా తగలకూడదు, ఫ్యాను పరవాలేదు, గదిలో గాలి ఆడటం మంచిదే.

దోమలకి మస్కిటో కాయిల్, అగరొత్తి పొగ, గదంతా సాంబ్రాణి, ఇవి పసి ఊపిరితిత్తులకి మంచిది కాదు. స్నానం తర్వాత సాంబ్రాణి వెయ్యక తప్పదు అంటే గది తలుపులు తెరిచి, పొగ పోయాక బిడ్డని తీసుకెళ్ళండి. దోమతెరే బెస్ట్, అయితే అది కాట్ బయటి ఫ్రేముకి బిగుతుగా, లోపలికి జారకుండా ఉండాలి. గొడుగులా తెరుచుకునే చిన్న దోమతెరలు ఉంటాయి కదా, వాటిని పసిగుడ్డుకి వేస్తే బాగానే ఉంటుంది, దొర్లడం మొదలయ్యాక మాత్రం మొహం వలకి ఆనుకుంటుంది, అప్పటికి మార్చేయండి. నిలబడి వలని లాగే వయసొచ్చాక కాట్ దోమతెర తీసేసి, కిటికీలకి మెష్ కొట్టించుకోవడమే దారి.

విజయవాడ, రామగుండం ఎండల్లో బిడ్డకి చలేస్తుందని ఊలు టోపీ, సాక్సులు, రెండు దుప్పట్లు వేసేస్తారు. చేతులూ కాళ్ళూ చల్లగానే ఉంటాయి పసివాళ్ళకి, వాటిని పట్టుకుని చూడొద్దు, ఛాతీ మీద, మెడ వెనక చెయ్యి పెట్టండి. చెమట ఉంటే ఒక పొర తీసేయండి. మీరు వేసుకున్నదాని కంటే ఒక్క పొర ఎక్కువ చాలు. నిద్రలో టోపీ వద్దు, తలలోంచే వేడి బయటికి పోతుంది. ఏసీలో చలి అనుకుంటే దుప్పటి బదులు చేతుల్లేని స్లీప్ సాక్, అంటే ఒంటికి తొడిగే సంచిలాంటి దుప్పటి, తొడగండి.

స్టెప్ 9: లోపల ఏముండాలి, ఇంట్లో ఎలా ఒప్పించాలి

ఏం ఉండకూడదు. దిండు లేదు, పక్క దిళ్ళు లేవు, దుప్పటి లేదు, మెత్తని బొమ్మలు లేవు, బంపర్ లేదు. కాళ్ళు ఊచల్లో ఇరుక్కుంటాయి కదా అంటారు, ఇరుక్కుంటే ఏడుస్తుంది, మీరొచ్చి తీస్తారు. బంపర్‌కి ముక్కు ఆనుకుంటే ఏడవదు.

అసలు పోరాటం ఆవాల దిండు దగ్గర. తల గుండ్రంగా రాదు అని అత్తయ్య భయం. దిండు తలని గుండ్రంగా చెయ్యదు, మెడ వంచుతుంది. తల ఒకే వైపు అదిమి ఉండకుండా చూస్తే చాలు. ఈ రోజు తల ఇటు పెట్టి పడుకోబెడితే రేపు అటు పెట్టండి, బిడ్డ మీ వైపు చూడ్డానికి తిరుగుతుంది కాబట్టి తల రెండో వైపు ఆనుతుంది. పగలు బొంత మీద బోర్లా ఆట ఎలాగూ ఉంది.

రెండోది, వెల్లకిలా పడుకోబెడితే కక్కిన పాలు గొంతుకి అడ్డం పడతాయి అనే భయం. ఇది అత్తయ్యలదే కాదు, ఒకప్పుడు డాక్టర్లదీను. వెల్లకిలా ఉన్నప్పుడు గాలిగొట్టం పైన, ఆహారనాళం కింద ఉంటాయి, వెనక్కొచ్చిన పాలు పైకెక్కి గాలిగొట్టంలోకి వెళ్ళాలంటే కష్టం. బోర్లా ఉంటే ఇది తలకిందులవుతుంది. అమెరికాలో 1994లో పిల్లల్ని వెల్లకిలా పడుకోబెట్టండి అని ప్రచారం మొదలుపెట్టాక నిద్రలో అకస్మాత్తుగా పోయే పిల్లల సంఖ్య సుమారు సగానికి తగ్గింది. ఏ వైపుకో తిప్పి వెనక దిండు ఆనించడం కూడా వద్దు, అది జారి బోర్లా పడటానికి సగం దారి. వాంతులు మరీ ఎక్కువైతే మీ పిల్లల డాక్టర్ని అడగండి, కాట్ కాళ్ళ కింద ఇటుకలు పెట్టి ఏటవాలు చెయ్యొద్దు.

అత్తయ్యతో వాదించి గెలవడం జరిగే పని కాదు, టీకాకి వెళ్ళినప్పుడు ఆవిడనీ తీసుకెళ్ళి డాక్టర్ నోటితో చెప్పించండి.

దిష్టికి కట్టే నల్లదారం చేతికో కాలికో కట్టండి, మెడలో వద్దు, నిద్రప్పుడు తాయెత్తు, గొలుసు తీసేయండి. వేలాడే బొమ్మలు చేతికందని ఎత్తులో కట్టండి, బిడ్డ చేతులూ మోకాళ్ళ మీద లేవడం మొదలెట్టినా, ఐదు నెలలు నిండినా విప్పేయండి. గుడ్డలో చుట్టి పడుకోబెట్టే అలవాటు ఉంటే, దొర్లే ప్రయత్నం కనిపించిన రోజే ఆపేయాలి.

చాలా ఇళ్ళల్లో బిడ్డ కాట్‌లో కాదు, అమ్మ పక్కనే పడుకుంటుంది, కాట్‌లో ఉతికిన బట్టలు ఉంటాయి, అందరికీ తెలిసిందే. ఆ అలవాటు డాక్టర్లు వద్దనేదే. పాలిస్తూ నిద్ర పట్టేస్తే మెలకువ రాగానే బిడ్డని తన చోటికి మార్చండి. నిద్రొస్తుందని తెలిసి సోఫాలో, రిక్లైనర్లో కూర్చుని పాలివ్వకండి, మంచం కంటే అది చాలా ప్రమాదం. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డైతే, ఇంట్లో ఎవరైనా సిగరెట్ తాగితే, మంచం మీద పక్కన వేసుకోవడం ఇంకా పెద్ద ప్రమాదం, కాట్‌నే వాడండి.

స్టెప్ 10: పెరిగే కొద్దీ

కొత్తలో అడుగు పైన లెవెల్లో ఉంచండి, అమ్మ నడుముకి సుఖం. కూర్చునే సూచనలు కనిపించగానే, కూర్చున్నాక కాదు, ముందే, ఒక మెట్టు దించండి. పట్టుకుని నిలబడే లోపు అట్టడుగుకి దించేయండి. అప్పట్నుంచి పెద్ద బొమ్మలు, పెట్టెలు లోపల ఉంచొద్దు, వాటి మీద ఎక్కి బయటికి వస్తారు.

ఎత్తు 89 సెంటీమీటర్లకి వచ్చినా, అంతకంటే ముందే ఒక కాలు పక్క మీదకి వెయ్యడం చూసినా, కాట్ పని అయిపోయినట్టే. ఇంకో నెల చూద్దాం అనకండి, గోడ దూకినవాళ్ళు మళ్ళీ దూకుతారు. కాట్ బెడ్ అయితే ఒక పక్క తీసి మంచంలా మార్చండి, మామూలు కాట్ అయితే పరుపు నేల మీద వేసేయండి, గది తలుపుకి, బాత్రూం తలుపుకి పైన గడియ పెట్టించుకోండి, నీళ్ళ బకెట్లు ఖాళీ చేసి బోర్లించండి, బీరువా గోడకి బిగించండి. అప్పట్నుంచి పాప అర్ధరాత్రి లేచి నడుచుకుంటూ మీ దగ్గరకి వస్తుంది కాబట్టి దారిలో ఒక చిన్న నైట్ లైట్ ఉంచండి.